ఇంట గెలిచి రచ్చ గెలువవలెనా?

గడచిన అర్ధ సంవత్సరమున మన పాఠశాల వక్తృత్వ సంఘమువారు జరిపిన చర్చా సభకు నేను అధ్యక్షత వహించితిని. నాటి తీర్మాన మిది: “1947వ సంవత్సరమున ఏర్పడిన స్వతంత్ర భారత ప్రభుత్వము తన యిల్లు చక్కబెట్టుకొనక మునుపే పరదేశ వ్యవహారములలో తల దూర్చుట పొరపాటు.” తీర్మానమును ప్రతిపాదించిన పదవ తరగతి బాలిక లేచిన తోడనే, “ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పలేదా?” యని ప్రశ్నించి సభికుల కరతాళ ధ్వనుల నందుకొనెను. ఎదిరించిన బాలుడు, “వాకిలి మూసికొని కూర్చున్నవానికి ఇల్లు మాత్రము దక్కునా?” యని బదులు చెప్పెను. వాదము వేడెక్కెను. తుదకు వోట్లు లెక్కింపగా తీర్మానము స్వల్పమైన ఆధిక్యముతో నెగ్గెను.

సభాధ్యక్షుడు ఏ పక్షమునకును చేరరాదు. గంట మ్రోగించుటయు, కాలము మించి మాటలాడువారిని కూర్చుండబెట్టుటయు అతని పని. కావున ఆనాడు నేను నోరు మెదపలేదు. కాని ఇంటికి పోవుచుండగా నాకొక సంగతి తోచెను. పది మంది బాలబాలికలు గంటకు పైగా ఒక క్రొత్త ప్రభుత్వము ముందుగా చేయవలసిన పనులు ఏవి యని వాదించిరి. సైన్యమును గూర్చి మాటలాడిరి. ఆనకట్టలను గూర్చి మాటలాడిరి. రాయబారులను గూర్చి మాటలాడిరి. నాటి తమ యీడు పిల్లలను గూర్చి మాత్రము ఒక్కరును మాటలాడలేదు. ఆ లోటు పూరించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. చదువరులగు తలిదండ్రులును, తోటి ఉపాధ్యాయులును తమ యభిప్రాయములతో దీనిని సరిపోల్చి చూచుకొందురుగాక.

ఆ ప్రభుత్వమునకు దక్కిన ఇల్లు ఎట్టిదో ముందు చూతము. దేశము రెండుగా చీలెను. 1951వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి మన దేశమునకు వచ్చి చేరిన కాందిశీకులు 70 లక్షలకు పైబడి యుండిరి. ఐదు వందలకు మించిన స్వదేశ సంస్థానములను దేశమున చేర్చుకొనవలసి యుండెను. 1947 అక్టోబరులో కాశ్మీరమున యుద్ధ మారంభమయ్యెను; 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానముపైకి సైన్యము నడిచెను. వంగదేశమున 20 లక్షలకు తక్కువ గాక ప్రజలను పొట్టన బెట్టుకొనిన 1943వ సంవత్సరపు క్షామము ఇంకను అందరి కన్నుల యెదుట నుండెను. 1951లో అక్షరములు వచ్చినవారు అయిదుగురిలో ఒక్కరు లేరు. స్త్రీలలో పదునొకండుగురికి ఒక్కతె మాత్రమే. పుట్టిన బిడ్డ సగటున బ్రతుకు కాలము సుమారు 32 ఏండ్లు.

ఇక సంపద మాట. స్వతంత్ర భారతపు మొదటి ఆదాయ వ్యయ పట్టికను ఆర్థిక మంత్రి షణ్ముఖము చెట్టిగారు 1947 నవంబరు 26వ తేదీన సభ ముందుంచిరి. అది ఏడున్నర మాసములకు సంబంధించిన లెక్క. రాబడి 171.15 కోట్ల రూపాయలు, వ్యయము 197.39 కోట్లు. అందు రక్షణ శాఖ కొక్కదానికే 92.74 కోట్లు, అనగా ఇంచుమించు సగము, పోయెను. ఇట్టి యింటి పెద్ద పొరుగూరి తగవులు తీర్చబోయిన, ఇంటివారు కోపించుట వింతయా?

కోపించిరి కూడ. ప్రధాన మంత్రి నెహ్రూగారు విదేశ వ్యవహారముల శాఖను తామే వహించి, 1964లో కన్ను మూయువరకు విడువలేదు. వాషింగ్టనులోను, మాస్కోలోను, చైనాలోను రాయబార కార్యాలయములు వెలసెను. ఈ వ్యయ మెందులకని సభలో సభ్యులు ప్రశ్నించుచు వచ్చిరి. 1950లో కొరియా దేశమున యుద్ధము రాగా మనవారు అచ్చటికి వైద్య దళమును పంపిరి. 1953లో ఆ యుద్ధ ఖైదీలను స్వస్థలములకు పంపు తటస్థ దేశముల సంఘమునకు మన సేనాని తిమ్మయ్యగారు అధ్యక్షులైరి. ఖైదీల కావలికై వేలకొలది మన సైనికులు సముద్రము దాటిరి. సరిగా ఆ యేండ్లలోనే మన రాయలసీమ వానలు లేక మాడుచుండెను. గంజి కేంద్రముల కడ జనులు వరుసలు దీరి యుండిరి. కొరియా యెక్కడ, కడప యెక్కడ? ఈ ప్రశ్న వేసినవారు సంకుచిత బుద్ధులు కారు. ఆకలిగొన్నవాని పక్షమున నిలిచి అడిగినవారు. మన పాఠశాల బాలిక యడిగినదియు ఇదియే. కావున దీనికి జవాబు మర్యాదగా చెప్పవలయును.

జవాబు రంగూను రేవునుండి మొదలు పెట్టెదను. మన కోస్తా జిల్లాల నుండి వేలకొలది కూలీలు తరతరములుగా బర్మాకు పోవుచుండిరి. కాకినాడ కడనున్న కోరంగి రేవు పేరనే తెలుగువారిని బర్మావారు కోరంగీలని పిలిచిరి. 1942లో జపాను సైన్యము బర్మాను పట్టుకొనగా లక్షలకొలది భారతీయులు ఇండ్లు వాకిళ్లు విడిచి పరుగిడిరి. ఓడలు దొరకనివారు అడవులగుండ, కొండలగుండ కాలినడకను వచ్చిరి. దారిలో రాలిపోయినవారు ఎందరో. అంతతో ముగియలేదు. బర్మానుండి వచ్చు బియ్యము నిలిచిపోయెను. వంగదేశపు క్షామమునకు గల పెక్కు కారణములలో అదియు నొకటి. చూచితిరా? మన గిన్నెలోని మెతుకునకు ఆధారము మరియొక దేశపు రేవులో నుండెను. అచ్చట జరుగునది మనకేల యని 1942కు ముందు అనుకొనినవారు ఆ తరువాత అట్లనుకొని యుండరు.

రెండవది దక్షిణాఫ్రికా మాట. 1860లో మద్రాసునుండి తొలి ఓడ దర్బను చేరినది మొదలు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి పోయినవారిలో తెలుగువారు చాలమంది యుండిరి. వారి సంతతివారు 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. ఆ దేశపు చట్టములు వారిని రంగునుబట్టి వేరుచేసి నివాస హక్కులను గుంజుకొనుచుండగా, 1946లో మన దేశము ఆ సంగతిని ఐక్యరాజ్య సమితిలో పెట్టెను. విజయలక్ష్మీ పండితుగారు మన పక్షమున వాదించిరి. అప్పటికి మనకు స్వాతంత్ర్యము కూడ రాలేదు. ఇది పరుల తగవా? పొట్ట చేతబట్టుకొని పోయిన మనవారి బిడ్డల తగవే కదా.

మూడవది క్షయ రోగము. మదనపల్లె కడ ఆరోగ్యవరమున పలు మిషనులు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయమును మనలో చాలమంది ఎరుగుదురు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు వేయ నారంభించిన తొలి తావులలో మదనపల్లె యొకటి. ఆ ప్రయత్నమునకు డెన్మార్కు దేశపు రెడ్ క్రాసు వారును, ఐక్యరాజ్య సమితి బాలల నిధివారును తోడ్పడిరి. నాటి మన ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృతకౌరుగారు 1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షురాలైరి. పరదేశములతో స్నేహము చేసిన ఫలముగా వచ్చిన యా సూది మందు మన పల్లెటూరి బిడ్డ భుజముపై చిన్న మచ్చగా నిలిచెను. దానిని ఇంటి పని యందుమా, రచ్చ పని యందుమా?

అయినను ఎదిరి పక్షపు బాలుడు దీనిని చదివి పొంగిపోరాదు. రచ్చలోనికి పోయినవానికి రచ్చ తన సుంకము వసూలు చేయక మానదు. 1950 డిసెంబరులో మన దేశము అమెరికాను ధాన్యము కోరెను. అప్పుడు కొరియా యుద్ధము సాగుచుండెను. చైనాను దురాక్రమణకారిగా నిందించిన తీర్మానమును 1951 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితిలో మన దేశము నిరాకరించెను. ఇందువలన అమెరికా శాసనసభ్యులలో చాలమంది అలిగిరి. 19 కోట్ల డాలర్ల ఋణముతో సుమారు 20 లక్షల టన్నుల ధాన్యము నిచ్చు చట్టముపై అధ్యక్షుడు ట్రూమను చేవ్రాలు చేయునప్పటికి జూను మాసము వచ్చెను. ఆరు మాసములు! ఆకలికి ఆరు మాసములనగా ఎంత కాలమో కరవు సీమవారిని అడుగుడు. మన దేశము తన మనస్సాక్షిని అమ్ముకొనక నిలిచినందుకు నేను గర్వించుచున్నాను. కాని ఆ గర్వమునకు వెల చెల్లించినవాడు ఢిల్లీలోని మంత్రి కాడు, రేషను దుకాణము ముందు సంచి పట్టుకొని నిలిచినవాడని మరువరాదు.

మరియు పరదేశ వ్యవహారములలో శ్రద్ధ యుండుట వేరు, చూపు సరిగా నుండుట వేరు. 1950 నవంబరులో సర్దారు పటేలుగారు టిబెట్టు సంగతి చూచి చైనా విషయమున జాగ్రత్త వహింపవలయునని ప్రధానికి జాబు వ్రాసిరి. ఆ హెచ్చరికకు తగినంత విలువ దొరకలేదు. 1962 అక్టోబరులో చైనా సైన్యము సరిహద్దు దాటివచ్చి మనలను ఓడించెను. పిదప రెండేండ్లలో రక్షణ వ్యయము రెండింతలు దాటెను. ఇంటిలోని బడులకును, వైద్యశాలలకును కావలసిన రూకలు కొండలమీద ఖర్చయ్యెను. రచ్చలోని యొక్క తప్పునకు ఇల్లు ఎట్లు దండుగ చెల్లించునో దీనివలన తెలియును.

ఇంతవరకు చెప్పినదానిని కూడబెట్టిన తేలునది యేమి? ఇల్లును రచ్చయు రెండు వేర్వేరు సంచులు కావు. ఒకటి కట్టి రెండవది విప్పుట పొసగదు. నెహ్రూగారు సైతము 1947 డిసెంబరులో రాజ్యాంగ సభలో, విదేశ నీతి కడపట ఆర్థిక నీతినుండియే పుట్టునని, దేశము తన ఆర్థిక నీతిని చక్కగా నిర్ణయించుకొనువరకు విదేశ నీతియు స్పష్టముగా నుండదని ఒప్పుకొనిరి. ఈ మాట నిజమైనచో “ఇల్లు ముందా, రచ్చ ముందా?” యను మన సభలోని ప్రశ్నయే సరియైన ప్రశ్న కాదు.

సరియైన ప్రశ్న యేది? నాకు తోచినది చెప్పెదను. ఏ ప్రభుత్వమైనను మొదట దేనిని గూర్చి మాటలాడినదో చూచి దాని మనస్సు తెలిసికొనజాలము. అది దేనిని వాయిదా వేసినదో, ఎవరి పనిని వాయిదా వేసినదో చూడవలయును. మాటలకు ఖర్చు లేదు. వాయిదా పడినవాడే నిజమైన ఖర్చు భరించువాడు.

దీనికి రెండు నిదర్శనములు చూపెదను. మొదటిది తెలుగువారి రాష్ట్రము. భాషనుబట్టి రాష్ట్రములు కావలయునన్న కోరికను విచారించుటకు జవహర్‌లాలు, వల్లభభాయి, మన పట్టాభి సీతారామయ్యగార్లు ముగ్గురును కూర్చున్న సంఘము 1949లో, దేశపు భద్రతయు ఐక్యమును ముందు, ఇది పిదప అను తీరున సలహా చెప్పెను. కారణములు అల్పమైనవి కావు. ఇప్పుడే చీలిన దేశము మరల చీలునేమో యను భయము న్యాయమైనదే. ఆంధ్రుల కోరికలో న్యాయము కలదని సంఘమువారు ఒప్పుకొనిరి కూడ. అయినను పని సాగలేదు. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహార వ్రతమున ప్రాణములు విడిచిరి. నాలుగు దినములలో ప్రధాని రాష్ట్రమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. మూడేండ్లు కదలని పని నాలుగు దినములలో కదలెను. వాయిదా పడిన పనికి గొంతు కలిగినచో, ఆ గొంతు ప్రాణమంత వెల పెట్టినచో, అది ముందునకు వచ్చును.

రెండవది గొంతు లేని పని. 1944లో భారత ప్రభుత్వపు విద్యా సలహాదారు జాన్ సార్జంటు దొరగారు ఒక ప్రణాళికను సిద్ధపరచిరి. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలందరికిని ఉచిత నిర్బంధ విద్య గరపుటకు నలుబది యేండ్లు పట్టునని అందు చెప్పిరి. నలుబది యేండ్లా యని మనవారు మండిపడిరి. బి. జి. ఖేరుగారి సంఘము పదునారేండ్లు చాలుననెను. రాజ్యాంగమును వ్రాసినవారు మరియు ముందునకు పోయి, రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పదేండ్లలోపల ఈ పని నెరవేర్చుటకు రాజ్యము ప్రయత్నింపవలయునని 45వ అధికరణమున వ్రాసిరి. అనగా 1960 జనవరి 26వ తేదీ గడువు. ఆ గడువు వచ్చెను, పోయెను. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లల చదువు ప్రాథమిక హక్కని 2002లో రాజ్యాంగమును సవరించిరి. అందులకు తగిన చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. నలుబది యేండ్లు చాల యెక్కువ యని దొరను ఎగతాళి చేసిన మనము అరువది యైదేండ్లకు ఒక చట్టము చేసికొంటిమి.

గడువు తీరిన 1960లో మా తల్లికి ఎనిమిదేండ్లు. నెల్లూరు జిల్లాలోని యొక పల్లె ఆమె పుట్టినిల్లు. బడి కోసెడు దూరమున నుండెను. ఆమె యిద్దరు తమ్ములను చంక నెత్తుకొని, గేదెలను తోలుకొని పోవుచుండెను. ఢిల్లీలో తన పేరట ఒక వాగ్దానము చేయబడినదనియు, ఆ యేటితో దాని గడువు తీరినదనియు ఆమె యెరుగదు. ఆమె తండ్రియు ఎరుగడు. ఎరిగినవాడు అప్పు వసూలు చేయుటకు వచ్చును, ఎరుగనివాడు ఊరకుండును. నేను బడిలో చేరిన పిదప నా మార్కుల పట్టికపై ఏటేట ఆమె వ్రేలిముద్ర వేయుచుండెను. నల్లని సిరా అంటిన ఆ బొటనవ్రేలిని చీరచెంగున తుడుచుకొనుచు, “ఎన్ని మార్కులు వచ్చినవో నీవే చెప్పు నాయనా, నేను నమ్ముదును” అనెడిది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో 45వ అధికరణమును పరీక్ష కొరకు కంఠస్థము చేయునపుడు నాకు ఆ బొటనవ్రేలే కనబడెను.

పేద దేశమునకు అంత ధన మెక్కడిదని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. బడులు కట్టవలయును, ఉపాధ్యాయులను తయారుచేయవలయును. ఇవి ఒక దినమున కావు. 1976 వరకు విద్య ముఖ్యముగా రాష్ట్రముల పాలిటి పని. కావున నింద ఢిల్లీదే యనుటయు ధర్మము కాదు. మొదటి పంచవర్ష ప్రణాళిక 2,069 కోట్ల రూపాయలది. అందు 561 కోట్లు నీటి పారుదలకును విద్యుచ్ఛక్తికిని కేటాయించిరి. 1953 నాటికి తుంగభద్ర ఆనకట్ట నిలిచెను. కరవు సీమకు నీరు వలదనువా డెవడు? నేను అనను. కాని విద్యకని తీసిన సొమ్మునే చూడుడు. మొదటి ప్రణాళికలో ఆ సొమ్మున నూటికి 56 వంతులు ప్రాథమిక విద్యకు దక్కెను. గడువు దగ్గరపడుచున్న రెండవ ప్రణాళికలో అది నూటికి 35 వంతులకు తగ్గెను. మిగిలినది కళాశాలలు, సాంకేతిక విద్య మున్నగువానికి పోయెను. చిన్న పిల్లల పాలు తీసికొనినది కొరియా కాదు, రాయబార కార్యాలయము కాదు. అదే యింటిలోని పెద్ద పిల్లల బల్ల. అదే కాలమున, అదే పేదరికములో, మన పొరుగున మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి కామరాజుగారు 1956 మొదలు బడిపిల్లలకు మధ్యాహ్న భోజన మేర్పరచి, పల్లెలలో బడులు తెరపించిరి. ధనము లేకుండుట నిజమే; కాని ఉన్న ధనము ఎవరి వైపు ఒరిగెననునది వేరు ప్రశ్న.

ఎందు కట్లొరిగెను? ఎవరును దుర్మార్గులగుటచేత కాదు. సైన్యమునకు సేనానులు కలరు. వారు మంత్రితో మాటలాడుదురు. ఆనకట్టకు ఇంజనీర్లు కలరు. ఆయకట్టు రైతులు కలరు. కళాశాలలకు పట్టణములలో చదువుకొనిన తండ్రులు కలరు; వారు పత్రికలకు వ్రాయుదురు. పరదేశ వ్యవహారమునకు పరదేశమే గొంతు. సరిహద్దున తుపాకి మ్రోగినచో వినక తప్పదు. ఎనిమిదేండ్ల బాలికకు వోటు లేదు. ఆమె తండ్రికి వోటున్నను అక్షరము లేదు. కావున ప్రతి యేటను ఆమె వంతు మరుసటి యేటికి నెట్టబడెను. పూట గడచుటయే కష్టమైన ఇండ్లలో మనము చేయు పనియు ఇదియే కదా: ముందు ఏడ్చినవానికి ముందు పెట్టుదుము, ఏడ్వక మూల కూర్చున్నది ఆకలిలేనిదని తలంతుము.

మూల కూర్చున్నవారికి అక్షరము వచ్చిన ఏమగునో కూడ నెల్లూరు జిల్లాయే చూపెను. 1990–91 సంవత్సరములలో అచ్చట అక్షరాస్యతా ఉద్యమము జరిగెను. పొలము పనులు చేసికొను స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టిరి. వారి పాఠములలో సారావలన చెడిన కుటుంబము కథ యొకటి యుండెను. దూబగుంట యను గ్రామపు స్త్రీలు ఆ పాఠము చదివి, ఇది మన కథయే యని లేచి, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు 1992లో రాష్ట్రమంతట వ్యాపించెను. సారా వేలములవలన ప్రభుత్వమునకు పెద్ద రాబడి యుండెను. అయినను 1993 అక్టోబరులో సారాను నిషేధింపక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్య నిషేధమే వచ్చెను. అది 1997లో సడలిపోయినది గాని, జరిగిన పాఠము చెరగిపోలేదు. నిన్నటి వరకు వ్రేలిముద్ర వేసినవారు అక్షరములు దిద్దుకొనిన ఏడాది రెండేడులలోనే ఒక ప్రభుత్వపు పనుల వరుసను తలక్రిందులు చేసిరి. అక్షరమునకు భయపడి కాకున్నను, అక్షరము లేనివారిని మరచుట ఏ ప్రభుత్వమునకైనను ఎంత సులభమో దీనివలన ఊహింపవచ్చును.

ప్రియ విద్యార్థులారా! మీలో పెక్కుమందికి రెండు మూడేండ్లలో వోటు హక్కు వచ్చును. క్రొత్త ప్రభుత్వము వచ్చినప్పుడెల్ల పత్రికలలోను, అంగడి వీధిలోను, మీ యింటి అరుగులమీదను ఈ చర్చ మరల మరల లేచును: ఇంటి పని ముందా, బయటి పని ముందా? ఆ చర్చలో చేరుడు, కాని ఆ ప్రశ్నతోనే తృప్తి పడకుడు. ఇంకను మూడు ప్రశ్నలు వేయుడు. చేసెదమన్న పనికి గడువు ఏది? ఆ పనికి ఈ యేడు పెట్టిన సొమ్మెంత, నిరుటికంటె పెరిగినదా తరిగినదా? ఈ సభలో లేనివా డెవడు, వాని వంతు ఎవడు అడుగును? మొదటి ప్రశ్న వేసిన మాట వాగ్దాన మగును. రెండవది వేసిన వాగ్దానము లెక్క యగును. మూడవది వేసిన లెక్క న్యాయ మగును.

తలిదండ్రులకొక మాట. గడువు దాటిన వాగ్దానము అప్పువంటిది. అప్పిచ్చినవాడు పత్రము పెట్టెలో దాచి యూరకున్న, తీసికొన్నవానికి జ్ఞాపక ముండదు. మీ బిడ్డల చదువును గూర్చి, పొరుగింటి పనిపిల్ల చదువును గూర్చియు, ఆ పత్రము మీ చేతిలో నున్నది. దానిని అడిగి చదివించుకొనుడు.

ఇక సామెత మాట. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పినది నిజమే. కాని ఇంట గెలుచుట యనగా ఇంటిలో గట్టిగా మాటలాడువారిని గెలిపించుట కాదు. ఆ యింట మాటలాడలేని చిన్నదాని వంతు దానికి ముట్టినచో, అప్పుడే ఇల్లు గెలిచినట్లు. మా తల్లి ముప్పది తొమ్మిదవ యేట, 1991లో, లాంతరు వెలుగున తన పేరు వ్రాయ నేర్చెను. అప్పుడు నేను ఆరవ తరగతి. ఆ యేటి నా మార్కుల పట్టికపై ఆమె తొలి చేవ్రాలు వంకరగా, గళ్లు దాటి, పట్టిక సగము నిండునట్లున్నది. ఆ కాగితము నేటికిని నా కడ నున్నది. ముప్పది యొక్క యేండ్లు గడువు దాటి వచ్చిన చేవ్రాలది. మీ కాలమున ఏ బాలికకును అంత జాగు కాకుండ చూచుట మీ వంతు.